అమెరికాలో ఫోన్‌పే లాంటిది ఎందుకు లేదు? ఏ దేశంలో ఏది మేలో వాడేవాళ్లు చెప్పండి

కేపీహెచ్‌బీ_టు_డాలస్:

అన్నలూ అక్కలూ, నేను ఇక్కడికి వచ్చి ఐదు నెలలైంది. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నలుగురం కలిసి ఉంటున్నాం. మొన్న ఒకటో తారీఖున అద్దె కట్టడానికి ఆఫీసుకి వెళ్తే అక్కడున్నావిడ చెక్కు గానీ మనీ ఆర్డర్ గానీ ఇవ్వమంది, కార్డుతో అయితే పైన ఫీజు పడుతుందంది. చెక్కు! హైదరాబాద్‌లో నేను చెక్కు రాసింది ఒకే ఒక్కసారి, అదీ పీఎఫ్ కోసం అడ్డంగా రెండు గీతలు గీసి క్యాన్సిల్డ్ అని రాసింది.

సరే, చెక్కు నేను రాసేస్తాను, మిగతా ముగ్గురూ నాకు వేస్తే చాలు అనుకున్నాం. ఇద్దరికి జెల్ (ఇక్కడి బ్యాంకు యాప్‌లలోనే ఉండే డబ్బు పంపే పద్ధతి) ఉంది, అది బాగానే వచ్చింది. నాలుగోవాడి ఖాతా ఒక చిన్న క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులే పెట్టుకున్న బ్యాంకు లాంటిది) ఉంది, అక్కడ జెల్ లేదు. వాడు వెన్మో అనే యాప్‌లో వేశాడు. అది నా ఖాతాకి ఊరికే రావాలంటే ఒకటి నుంచి మూడు పనిదినాలు, వెంటనే కావాలంటే ఫీజు. అది శుక్రవారం సాయంత్రం. డబ్బులు మంగళవారం వచ్చాయి. మా సందు చివర బజ్జీల బండి దగ్గర ఇరవై రూపాయలు స్కాన్ చేస్తే నేను ఫోన్ జేబులో పెట్టేలోపు డబ్బా అరిచేది, ఇక్కడేమో ఇలా.

వాట్సాప్ ఫార్వర్డుల్లో చెప్పినట్టు నిజంగా మనదే అన్నిటికంటే గొప్పదా? లండన్, సింగపూర్, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఏం వాడుతున్నారు?

ఇంకో సంగతి, అసలు ఈ ప్రశ్న పెట్టింది కూడా అందుకే. పోయిన నెల మా నాన్న హడావుడిలో ఒక అంకె తప్పు కొట్టి 18,000 ఎవరికో పంపేశారు. అవతలివాడు మొదట ఎత్తి ‘చూస్తానండి’ అన్నాడట, తర్వాత స్విచాఫ్. బ్యాంకుకి వెళ్తే ఆయన ఒప్పుకుంటేనే తీయగలం అన్నారు. ఇలాంటిది వేరే దేశంలో జరిగితే ఏం చేస్తారు?

—

బ్రాంచి_బాబాయ్ (గుంటూరు):

ముందు నాన్నగారి సంగతి. బ్రాంచిలో వాళ్లు చెప్పింది తప్పు కాదు బాబూ. ఖాతాలో పడ్డ డబ్బుని, ఆ ఖాతాదారు సరే అనకుండా మేం తీసి ఇంకొకరికి ఇవ్వలేం. ఇవాళ మీ నాన్నగారు పొరపాటు అంటున్నారు, రేపు ఇంకొకడు సరుకు తీసుకుని డబ్బు కట్టి, తర్వాత పొరపాటున పంపానంటాడు, అప్పుడు? యాప్‌లో ఆ లావాదేవీ మీదే కంప్లైంటు పెట్టించండి, బ్యాంకులో రాతపూర్వకంగా ఇచ్చి నంబరు తీసుకోండి, ముప్పై రోజుల్లో తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఊరికే నోటి మాటగా చెప్పి రావద్దు, కౌంటర్లో ఉన్నవాడు బదిలీ అయితే మీ కథ కూడా వాడితోపాటే పోతుంది.

చాలామంది రెండు విషయాలు కలిపేస్తారు. మనం తప్పు పంపడం వేరు, మనం సరిగ్గానే పంపినా మధ్యలో ఇరుక్కుపోవడం వేరు. ఈ రెండోదానికి మన దగ్గర నిబంధన గట్టిగానే ఉంది. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మీ ఖాతాలో కట్ అయ్యి అవతలి మనిషికి పడకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి, దుకాణానికి కట్టింది అయితే ఐదు రోజుల్లోపు. దాటితే రోజుకి 100 రూపాయలు బ్యాంకే ఇవ్వాలి, మీరు అడక్కపోయినా. ఈ వంద రూపాయల సంగతి తెలిసి వచ్చి అడిగినవాళ్లని నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఎందుకు ఇరుక్కుంటుందంటే, మీరు పిన్ కొట్టగానే మీ యాప్ నుంచి యూపీఐ నడిపే సంస్థ ఎన్‌పీసీఐకి వెళ్తుంది, వాళ్లు మీ బ్యాంకుని ‘ఇంత కట్ చెయ్’ అంటారు, అది చేశాక అవతలి బ్యాంకుని ‘ఇంత వెయ్’ అంటారు. ఆ రెండో బ్యాంకు సర్వరు టైముకి పలక్కపోతే, వేసిందో లేదో ఎవరికీ తెలియదు. అదే మీరు చూసే పెండింగ్. జీతాలు పడే రోజుల్లో ఇది ఎక్కువ. ఇంకో ముచ్చట, మీకు టింగుమని వినపడిన క్షణంలో బ్యాంకుల మధ్య డబ్బు నిజంగా కదలదు. రోజులో కొన్నిసార్లు అన్నీ కూడి, తీసివేసి, ఎవరు ఎవరికి ఎంత బాకీ అని తేలిన మొత్తాన్నే రిజర్వు బ్యాంకు దగ్గర సర్దుకుంటారు. కొట్లో పద్దు రాసుకుని సాయంత్రం తేల్చుకున్నట్టే.

గొప్పదా అంటే, 2025 ఆగస్టులో ఒక్క నెలలో 2,000 కోట్ల లావాదేవీలు దాటింది, అది చిన్న విషయం కాదు. కానీ దీనికి బిల్లు ఎవరు కడుతున్నారో కూడా అడగండి. 2020 జనవరి నుంచి దుకాణదారు దగ్గర పైసా తీసుకోకూడదు. సర్వర్లు మాత్రం ఊరికే తిరగవు. 2024-25కి చిన్న దుకాణాల చెల్లింపుల మీద ప్రోత్సాహకంగా కేంద్రం ఒప్పుకున్నది 1,500 కోట్లు. అంటే మీరు బజ్జీలకి కట్టిన ఇరవైలో కొంత ఖర్చు పన్ను కట్టేవాడి మీద, కొంత మా బ్యాంకుల మీద పడుతోంది. నాకు దాని మీద కోపం లేదు, ఫ్రీ అనే మాట మీదే కొంచెం ఉంది.

—

ఈస్ట్‌హామ్_అక్క (లండన్):

తమ్ముడూ, వేగం గురించి అయితే ఇంగ్లండ్‌లో 2008 మే నుంచే ఉంది, ఫాస్టర్ పేమెంట్స్ అంటారు. ఖాతా నుంచి ఖాతాకి వెంటనే పంపే మన ఐఎంపీఎస్ వచ్చింది 2010లో, యూపీఐ 2016లో. అంటే వీళ్లు మనకంటే ముందే. అయినా ఇక్కడ ఎవరూ షాపులో క్యూఆర్ స్కాన్ చేయరు, కార్డు తాకిస్తారు, అంతే. అద్దె, పిల్లల్ని చూసుకునే ఆయాకి జీతం, ఫ్రెండ్‌కి డిన్నర్ డబ్బులు, ఇవి మాత్రం సార్ట్ కోడ్ ఆరంకెలు, ఖాతా నంబరు ఎనిమిదంకెలు కొట్టి పంపుతాం. పోతుందా అంటే సెకన్లలో పోతుంది. జెల్‌లా మీ బ్యాంకులో ఉందా లేదా అని అడగాల్సిన పని దాదాపు లేదు.

ఇక్కడ నాకు నచ్చింది వేగం కాదు, పేరు సరిచూడటం. 2020 నుంచి పెద్ద బ్యాంకులన్నీ మొదలుపెట్టాయి. మనం పేరు కొడితే, ఖాతా ఎవరి పేరున ఉందో పోల్చి సరిపోయింది, దగ్గరగా ఉంది, సరిపోలేదు అని మూడింట్లో ఒకటి చెప్తుంది. ఇక్కడే మన తెలుగువాళ్ల తిప్పలు మొదలు. మన ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో అది వెనక్కి, కొందరికి ఇంటిపేరంతా ఒక్క అక్షరం. మా ఇంటాయన ఖాతాకి నేను పంపినా మొదటిసారి ‘దగ్గరగా ఉంది’ అని వచ్చింది. పెళ్లయి పన్నెండేళ్లు, ఇంకా దగ్గరగానే ఉన్నామట.

మోసం సంగతికొస్తే, 2024 అక్టోబరు 7 నుంచి కొత్త నిబంధన. ఎవరైనా మాయమాటలు చెప్పి మన చేతే పంపించుకుంటే, అంటే ఓటీపీ దొంగతనం కాదు, మనమే నొక్కాం, అయినా సరే బ్యాంకు 85,000 పౌండ్ల దాకా తిరిగి ఇవ్వాలి, మామూలుగా ఐదు పనిదినాల్లో. ఆ డబ్బు పంపిన బ్యాంకు సగం, మోసగాడి ఖాతా తెరిచిన బ్యాంకు సగం భరించాలి. ఆ రెండో సగమే అసలు మందు. ఎవడికి పడితే వాడికి ఖాతా తెరిస్తే ఇక వాళ్ల జేబుకే చిల్లు. మా దగ్గర్లో ఉండే ఒక అమ్మాయి, మాస్టర్స్‌కి వచ్చింది, ఫొటోలు చూసి లేని ఫ్లాటుకి 900 పౌండ్లు డిపాజిట్ పంపేసింది. వారం రోజులు అన్నం తినలేదు పిల్ల. చివరికి 800 వచ్చాయి, 100 దాకా బ్యాంకు కోసుకోవచ్చు, కోసుకుంది.

కానీ మీ నాన్నగారి విషయంలో ఇది పనికిరాదు. మోసానికే ఇది, అంకె తప్పు కొడితే కాదు. అప్పుడు ఇక్కడ కూడా బ్యాంకు అవతలి బ్యాంకుకి రాసి అడుగుతుంది, రావచ్చు, రాకపోవచ్చు.

—

మన_కిరాణా (రాజమండ్రి):

బ్రాంచి బాబాయ్ గారూ, పన్ను మీద పడుతోందన్నారు కాబట్టి అడుగుతున్నా, కార్డు మిషను పెట్టుకున్న రోజుల్లో వందకి రూపాయిన్నర పైన మా దగ్గర కోసేవాళ్లు, అప్పుడు ఎవరూ బాధపడలేదే? పాల ప్యాకెట్టు మీద నాకు మిగిలేదే అంత ఉండదు. స్కాన్ ఫ్రీ కాబట్టే పెట్టుకున్నాం. డబ్బాకి నెలనెలా అద్దె కడుతూనే ఉన్నాం, అదీ ఫ్రీ కాదు. డబ్బా లేని రోజుల్లో కుర్రాళ్లు పాత స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయేవాళ్లు. ఒకడైతే వరసగా మూడు రోజులు అదే చూపించాడు, తారీఖు కూడా మార్చలేదు.

—

బ్రాంచి_బాబాయ్:

మీ కష్టం అబద్ధం అనలేదండీ. ఖర్చు ఎవరో ఒకరు కట్టాలి అన్నాను, మీరు కట్టాలి అనలేదు.

—

సాంబా_కాదు_సాంబార్ (సావో పావులో):

బ్రెజిల్ పేరు ఎవరూ ఎత్తలేదే! పోటీ పెడితే యూపీఐకి సరిజోడు ఇక్కడి పిక్స్ అనే నా అభిప్రాయం. 2020 నవంబరు 16న మొదలైంది, అంటే మనకంటే నాలుగేళ్లు వెనక, అయినా ఇప్పుడు బీచిలో కొబ్బరి బోండాలమ్మేవాడు కూడా కార్డు గురించి అడగడు, పిక్స్ చెయ్ అంటాడు.

తేడా ఎక్కడంటే, మన దగ్గర నడిపేది ఎన్‌పీసీఐ, అది బ్యాంకులన్నీ కలిసి పెట్టుకున్న సంస్థ. ఇక్కడ సెంట్రల్ బ్యాంకే దగ్గరుండి కట్టింది, అదే నడుపుతుంది, రూల్సూ అదే పెడుతుంది. ఐదు లక్షలకి మించి ఖాతాలున్న ప్రతి సంస్థా చేరి తీరాలని మొదటి రోజే చెప్పేసింది. మీ నాలుగో రూమ్మేటు బాధ ఇక్కడ రాదు. ఇంకోటి, మధ్యలో వేరే యాప్‌లు పెద్దగా లేవు, ఎవరి బ్యాంకు యాప్‌లో వాళ్లు చేస్తారు. మనకేమో ఫోన్‌పే, గూగుల్ పే రెండే ఎనభై శాతం పైన నడుపుతున్నాయి, ఏ యాప్‌కీ 30 శాతం మించకూడదని పెట్టిన రూలు 2026 చివరికి వాయిదా పడింది. ఖర్చు విషయంలో కూడా వీళ్లు మొహమాటపడలేదు, మామూలు మనుషులకి ఫ్రీ, వ్యాపారుల దగ్గర బ్యాంకు కావాలంటే ఫీజు తీసుకోవచ్చు.

బాగుంది కదా అనుకుంటే, దీని రెండో ముఖం కూడా చెప్పాలి. వెంటనే పోయే డబ్బు అంటే వెంటనే దోచుకోగల డబ్బు కూడా. ఇక్కడ మనిషిని కార్లో ఎక్కించుకుని, ఫోన్ తెరిపించి పిక్స్ చేయించుకుని వదిలేసే కిడ్నాపులు ఎంత పెరిగాయంటే, 2021లో సెంట్రల్ బ్యాంకు రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఆరు దాకా 1,000 బ్రెజిల్ రియాలే పరిమితి అని పెట్టింది. పరిమితి పెంచమని అడిగినా కనీసం ఒక రోజు ఆగాలి, అంటే కార్లో కూర్చున్నవాడు అడిగితే పెరగదు. నేను రెండు ఫోన్లు వాడతాను. బ్యాంకు యాప్ ఉన్నది ఇంట్లో, వంటింటి డబ్బాల వెనక ఉంటుంది, బయటికి తీసుకెళ్లేది పగిలిన స్క్రీన్ ఫోన్. ఇది నా పిచ్చి కాదు, ఆఫీసులో సగం మంది ఇంతే, దాన్ని ‘పిక్స్ ఫోన్’ అనే పిలుస్తారు.

తప్పు పంపితే? పంపేముందు అవతలి మనిషి పూర్తి పేరు, బ్యాంకు, వాళ్ల పన్ను నంబరులో కొన్ని అంకెలు కనపడతాయి. అయినా తప్పు పంపితే, అందుకున్నవాడి యాప్‌లో ఆ లావాదేవీ కిందే ‘తిరిగి పంపు’ అనే బటన్ ఉంటుంది, 90 రోజుల్లోపు నొక్కవచ్చు. మంచివాడైతే ఒక్క నొక్కుతో తేలిపోతుంది. మోసం జరిగితే డబ్బు ఆపి వెనక్కి తేవడానికి వేరే పద్ధతి ఉంది, కానీ అది కూడా మోసానికే, మన పొరపాటుకి కాదు. ఈ ఒక్క విషయంలో లండన్ అక్క చెప్పిందే ఇక్కడా.

—

జగిత్యాల_అన్న (దుబాయ్):

మీరంతా ఖాతాలున్నోళ్ల ముచ్చట చెప్తున్నారు తమ్మీ. ఇక్కడ యూఏఈలో కూడా ‘ఆని’ అనే పద్ధతి 2023 అక్టోబరులో పెట్టారు, ఫోన్ నంబరు కొడితే పది సెకన్లలో పోతుంది. మా ఇంజినీర్లు వాడతారు. మా క్యాంపులో చాలామందికి ఉన్నది జీతం కార్డే, బ్యాంకు ఖాతా కాదు. జీతం పడిన రోజు ఏటీఎం దగ్గర లైను, అక్కడి నుంచి ఎక్స్ఛేంజి కౌంటర్ దగ్గర లైను. రేటు ఎక్కడ ఐదు పైసలు ఎక్కువుందో వాట్సాప్ గ్రూపులో వస్తది, దాన్ని బట్టి అడుగులు పడతాయి. కౌంటర్లో కట్టాక మాత్రం ఇంట్లో వాళ్ల ఖాతాలో నిమిషాల్లో పడుతోంది, ఇంతకుముందు రెండు రోజులు ఎదురుచూసేది. మా ఇంటావిడ డబ్బులు పడ్డయని ఫోన్ చేసేసరికి నేనింకా కౌంటర్ మెట్లు దిగుతుంటా.

ఎన్ఆర్ఈ ఖాతా (బయటి దేశాల్లో ఉన్నోళ్లు ఇండియాలో పెట్టుకునేది) ఉంటే యూఏఈ నంబరుతోనే యూపీఐ వాడొచ్చు, 2023 నుంచి ఇచ్చారు, పది దేశాలకి. అమెరికా కూడా ఉంది అందులో. తమ్ముడూ, నువ్వు కూడా చూసుకో, ఊర్లో కరెంటు బిల్లు నువ్వే కట్టొచ్చు.

—

సెరంగూన్_రోడ్డు (సింగపూర్):

చిన్నగా చెప్తా. పేనౌ, 2017 నుంచి. ఫోన్ నంబరు కొడితే అవతలివాళ్లు పెట్టుకున్న పేరు కనపడుతుంది, పంపెయ్యడమే. హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే దగ్గర, దోసెకి కూడా. 2023 ఫిబ్రవరి నుంచి దీన్నే యూపీఐకి కలిపారు, అమ్మ యూపీఐ ఐడీకి ఇక్కడి నుంచే పంపుతున్నా, రోజుకి 1,000 సింగపూర్ డాలర్ల దాకా. రెండు వైపులా అన్ని బ్యాంకులూ లేవు, అమ్మది మొదట్లో లేదు, ఆవిడ చేత ఇంకో ఖాతా తెరిపించాల్సి వచ్చింది. ఆ ఖాతా తెరవడానికి పట్టిన టైములో నేను విమానంలో వెళ్లి చేతికి ఇచ్చి వచ్చేవాణ్ని.

—

పాత_కాపు_న్యూజెర్సీ:

పద్దెనిమిదేళ్లుగా ఇక్కడే ఉన్నా కాబట్టి మొదటి ప్రశ్నకి నేను చెప్తా. అమెరికాలో లేదు అనడం పూర్తిగా నిజం కాదు, మూడు ఉన్నాయి, అదే బాధ. పెద్ద బ్యాంకులు కలిసి పెట్టుకున్న ఆర్‌టీపీ 2017 నవంబరు నుంచి ఉంది. సెంట్రల్ బ్యాంకు ఫెడ్ సొంతంగా ఫెడ్‌నౌ 2023 జులై 20న మొదలుపెట్టింది. ఇక మీకు కనపడే జెల్ పైన ఉండే బోర్డు లాంటిది, కింద డబ్బు చాలాసార్లు పాత దారిలోనే తర్వాత సర్దుకుంటారు. బ్రెజిల్ అన్నట్టు ఇక్కడ చేరి తీరాలని ఎవరూ అనలేదు. బ్యాంకులు, క్రెడిట్ యూనియన్లు కలిపి ఎనిమిది తొమ్మిది వేలు, ఫెడ్‌నౌలో చేరినవి వెయ్యి పైచిలుకు, వాటిలోనూ చాలావాటికి డబ్బు అందుకోవడమే, పంపడం ఇంకా పెట్టలేదు. అందరూ చెవులు పెట్టుకుని కూర్చుంటే మాట్లాడేదెవరు?

చేరడానికి తొందర ఎందుకు లేదంటే కార్డులు. దుకాణదారు దగ్గర క్రెడిట్ కార్డుకి వందకి రెండు మూడు డాలర్లు వస్తున్నాయి, దాంట్లోంచే నీకు పాయింట్లు, విమానం టికెట్లు. ఖాతా నుంచి ఖాతాకి పోతే బ్యాంకు ఫెడ్‌నౌకి కట్టేది నాలుగున్నర సెంట్లు, నీకు పాయింట్లు రావు, బ్యాంకుకి ఆదాయం రాదు. నిజం చెప్పు, పాయింట్లు మానేసి స్కాన్ చేస్తావా? నేను చెయ్యను.

జెల్‌తో మాత్రం జాగ్రత్త. నీ ఖాతాని ఎవడో హ్యాక్ చేసి పంపితే చట్టం నీ వైపు. నువ్వే నొక్కి పంపితే, మోసపోయి నొక్కినా సరే, లండన్‌లోలాగా ఇచ్చి తీరాలనే చట్టం ఇక్కడ లేదు. ఫేస్‌బుక్‌లో సోఫా చూసి జెల్ చేసినవాళ్లు ఏటా కొత్త బ్యాచ్‌లో ఒకరిద్దరు ఉంటారు, మా గ్రూపులో ఆగస్టు వస్తే నేను ముందే రాసి పెడతా.

అద్దెకి చెప్తా విను. బ్యాంకు యాప్‌లో బిల్ పే అని ఉంటుంది, అందులో అపార్ట్‌మెంటు చిరునామా కొడితే బ్యాంకే చెక్కు అచ్చేసి పోస్టులో పంపుతుంది, చాలా బ్యాంకుల్లో ఊరికే. వారం ముందు పెట్టాలి. అవును, ఫోన్‌లో నొక్కితే పోస్టుమ్యాన్ కాగితం తీసుకెళ్తాడు, నవ్వుకో.

—

కేపీహెచ్‌బీ_టు_డాలస్:

బిల్ పే పెట్టేశాను అన్నా, థ్యాంక్స్. నాలుగోవాడి చేత జెల్ ఉన్న బ్యాంకులో ఖాతా తెరిపిస్తున్నాం, వాడు ఏడుస్తున్నాడు గానీ.

నాన్న సంగతి: బాబాయ్ చెప్పినట్టు యాప్‌లో పెట్టాం, బ్రాంచిలో రాసిచ్చి నంబరు తీసుకున్నాం. నిన్న అవతలి మనిషి తనే ఫోన్ చేశాడట. ఆయన ఖాతాలో లోను బకాయి ఉందట, 18,000 పడగానే బ్యాంకు అందులో 11,000 వాయిదా కింద పట్టేసుకుందట. ‘స్విచాఫ్ చేసింది భయంతో, ఇప్పుడు 7,000 పంపిస్తా, మిగతాది వరి కోతలయ్యాక’ అన్నాడట. ఏడు వేలు వచ్చాయి. నాన్నేమో పాపం అంటున్నారు. బాబాయ్, బ్యాంకు అలా పట్టేసుకున్నది వెనక్కి అడగొచ్చా?

—

బ్రాంచి_బాబాయ్:

అడగాలి. ఆయన ఒప్పుకుంటున్నాడు కాబట్టి, ఈ జమ పొరపాటున పడింది అని ఆయన చేతే వాళ్ల బ్రాంచిలో లెటర్ ఇప్పించండి, మీ కంప్లైంటు నంబరు, లావాదేవీ కింద ఉండే పన్నెండంకెల యూటీఆర్ నంబరు అందులో రాయమనండి. ఇస్తారని నేను మాట ఇవ్వలేను. కోతలకి ఎంత టైముందో కూడా కనుక్కోండి.